నాలుగు సీసీల తేడా: పాత అంబాసిడర్‌లో కొత్త ఇంజిన్ దించడం వెనుక ఉన్న లెక్క

పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్ పరిమాణం 1489 సీసీ. 2016లో వచ్చిన మహీంద్రా బొలెరో పవర్ ప్లస్ డీజిల్ ఇంజిన్ పరిమాణం 1493 సీసీ. రెండింటికీ తేడా నాలుగంటే నాలుగు సీసీలు, ఒక చెంచాడు దగ్గు మందు కన్నా తక్కువ. అయినా మొదటి ఇంజిన్ ఇచ్చే టార్క్, అంటే షాఫ్టును మెలితిప్పే బలం, సుమారు 100 న్యూటన్ మీటర్లయితే రెండోది 195 ఇస్తుంది. ఆ బలం కూడా 1400 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే చేతికందుతుంది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని షెడ్డుకు పాత కారును తోలుకొచ్చి, ఇందులో ఇప్పటి ఇంజిన్ దించడం కుదురుతుందా అని అడిగేవారి మనసులో ఉండేది ఈ తేడాయే.

కుదురుతుందనే మేస్త్రి చెబుతాడు. అది అబద్ధమేమీ కాదు. చైన్ బ్లాకు, వెల్డింగు సెట్టు, పక్క వీధిలో లేతు, వీటన్నిటికీ మించి ఓపిక ఉంటే ఏ ఇంజిన్‌నైనా ఏ బండిలోనైనా కూర్చోబెట్టవచ్చు. కూర్చోబెట్టిన తరువాత ఆ బండి కుదుపు లేకుండా నడుస్తుందా, బ్రేకు వేస్తే ఆగుతుందా, మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటే మరగకుండా నిలబడుతుందా, బ్రేకిన్‌స్పెక్టరు చేతిలోని సి-బుక్కుతో దాని వివరాలు సరిపోతాయా అన్నవి మాత్రం వేరే ప్రశ్నలు. పనిలోనూ ఖర్చులోనూ పెద్ద వాటా ఈ ప్రశ్నలదే. ఇంజిన్ కొనడం, దించడం అందులో చిన్న ముక్క. పాత కారులో ఇంజిన్, గేర్‌బాక్సు, వెనుక ఆక్సిల్, బ్రేకులు, రేడియేటరు ఒకదాని శక్తిని బట్టి మరొకటి తూచి అమర్చినవి. గొలుసులో ఒక లంకెను రెట్టింపు బలంగా మార్చినప్పుడు తక్కిన లంకెల సంగతి చూడక తప్పదు.

అసలు మార్చాల్సిన అవసరం ఏమిటన్నది ముందుగా తేల్చుకోవాలి. అంబాసిడర్ ఇంజిన్ అరిగిపోయిందన్న ఒక్క కారణానికి మార్చడం తెలివైన పని కాదు. బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేయించి, వాల్వులు కూర్చోబెడితే ఆ ఇంజిన్ మళ్లీ సంవత్సరాల తరబడి నడుస్తుంది. దాన్ని కళ్లు మూసుకుని విప్పి బిగించగల పెద్ద మేస్త్రీలు ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. అరుగుదల కాకుండా వేరే కోరిక ఉన్నప్పుడే మార్పు గురించి ఆలోచించాలి. ఏసీ వేసుకుని జాతీయ రహదారి 16 మీద గుంటూరు వైపు గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంతో, పక్కవారితో మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళ్లాలన్నది ఆ కోరిక. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ 1950ల నాటి కారు. ఆ పని దాని నుంచి ఆశించి తయారు చేసింది కాదు.

ఈ కోరిక కొత్తదీ కాదు, తీర్చినవారు షెడ్డు మేస్త్రీలు మాత్రమే కాదు. మన దేశంలో పాత బాడీలో కొత్త ఇంజిన్ దించే పనిని పెద్ద ఎత్తున చేసినవి కారు కంపెనీలే. హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సాను మొదట అంబాసిడర్ వాడే 1489 సీసీ ఇంజిన్‌తోనే అమ్మింది. అంత బరువైన బాడీని ఆ ఇంజిన్ ఈడ్చలేకపోవడంతో 1980లలోనే ఇసుజు 1817 సీసీ పెట్రోలు ఇంజిన్‌ను ఐదు గేర్ల బాక్సుతో సహా తెచ్చి పెట్టింది. 1990ల తొలి సంవత్సరాల్లో అదే జోడీ అంబాసిడర్‌లోకి కూడా వచ్చింది. ప్రీమియర్ కంపెనీ 1985లో ఫియట్ 124 ఆధారంగా తెచ్చిన 118 ఎన్‌ఈలో ఉన్నది నిస్సాన్ వారి 1171 సీసీ ఇంజిన్. ఈ కంపెనీలు ఇంజిన్‌ను ఒంటరిగా తేలేదన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. ఇంజిన్‌తో పాటు దాని గేర్‌బాక్సు వచ్చింది, మౌంటింగులు మారాయి, గేరు రాడ్డు స్టీరింగు పక్క నుంచి కింది ఫ్లోరు మీదికి దిగింది. షెడ్డులో జరిగే మార్పులు చాలావరకు చెడేది ఈ 'పాటు వచ్చే' సామానును వదిలేయడం వల్లనే.

అమెరికాలో పరిస్థితి వేరు. 1932లో ఫోర్డ్ తెచ్చిన వీ8 ఇంజిన్, 1955లో షెవర్లే తెచ్చిన చిన్న బ్లాకు వీ8 ఆ దేశంలో ఇంజిన్ మార్పును ఒక తరం కుర్రకారుకు వ్యసనంగా మార్చాయి. 1997లో కార్వెట్‌తో మొదలైన జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ ఇంజిన్ల కుటుంబం వచ్చాక అది ఒక వ్యాపారమే అయింది: ఏ ఏడాది ఏ మోడల్ కారుకు ఏ మౌంటింగు, ఏ సంపు, ఏ వైరింగు కావాలో పెట్టెల్లో కట్టి అమ్ముతారు. కొత్త ఇంజిన్‌ను కంపెనీయే చెక్కపెట్టెలో ఇంటికి పంపుతుంది. ఇంటర్నెట్‌లో ఆ వీడియోలు చూసి అంబాసిడర్‌కూ అంతే సులువనుకోవడం పొరపాటు. ఇక్కడ అలాంటి పెట్టె లేదు. ప్రతి బండీ మొదటి బండే. ఒక షెడ్డులో కోసిన ప్లేటు కొలత పక్క షెడ్డుకు తెలియదు.

ఇక ఏ ఇంజిన్ అన్నది. పాత కార్లలో ఇంజిన్ నిలువుగా, అంటే బండి పొడవునా ఉంటుంది. దాని వెనుక గేర్‌బాక్సు, అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు, చివర క్రౌన్ పినియన్, అంటే షాఫ్టు తిప్పుడును చక్రాల వైపు మళ్లించే పళ్ల జత, ఉన్న వెనుక ఆక్సిల్. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ అడ్డంగా ఉండి, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ దానికే అతుక్కుని, ముందు చక్రాలను తిప్పుతాయి. అందువల్ల ఎంత మంచిదైనా స్విఫ్ట్ ఇంజిన్‌ను దాని గేర్‌బాక్సుతో సహా అంబాసిడర్‌లో పెట్టడం జరిగే పని కాదు. వెనుక చక్రాలను తిప్పే బండ్ల నుంచే ఎంచుకోవాలి: మారుతి ఈకో, జిప్సీ, మహీంద్రా బొలెరో, టాటా సుమో, టయోటా క్వాలిస్, ఇన్నోవా, షెవర్లే తవేరా. జాబితా ఇక్కడే సగం ముగిసిపోతుంది.

ఈ జాబితాలోనూ పెద్ద ఇంజిన్ మోజుకు లొంగకూడదు. ఇన్నోవా డీజిల్ ఇంజిన్ మంచిదే; దాని బరువు, పొడవు మాత్రం అంబాసిడర్ ముక్కుకు భారం. ప్రీమియర్ పద్మినికైతే ఈకోలో 2010 నుంచి వచ్చిన 1196 సీసీ ఇంజిన్ మంచి జోడీ. పద్మిని సొంత ఇంజిన్ 1089 సీసీ, 40 హార్స్‌పవర్ చుట్టూ ఇస్తుంది. ఈకోది 73, టార్క్ 101 న్యూటన్ మీటర్లు. పెంపు ఉంది కానీ బండిని బెదరగొట్టేంత లేదు. బొలెరో ఇంజిన్ విషయానికొస్తే, అది మూడు సిలిండర్ల డీజిల్. ఐడిల్‌లో వణుకుతుంది, బొలెరోలో ఆ వణుకును మింగేది దాని మౌంటింగులు, దృఢమైన చాసిస్. ఆ మౌంటింగులను వదిలేసి ఏదో రబ్బరు బుష్షుతో అంబాసిడర్‌కు బిగిస్తే డాష్‌బోర్డు, అద్దాలు, తలుపులు కలిసి భజన చేస్తాయి. అంబాసిడర్‌కూ పద్మినికీ విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. జీపుల్లో ఇంజిన్ మార్పు ఎప్పటినుంచో ఇంత విరివిగా జరగడానికి కారణం కూడా ఇదే: నిచ్చెన లాంటి చాసిస్ మీద ఎక్కడ కావాలంటే అక్కడ బ్రాకెట్ వెల్డు చేయవచ్చు, బానెట్ కింద చేయి దూరేంత ఖాళీ ఉంటుంది.

దించే ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పాత ఇంజిన్ బయటికి వచ్చాక ఖాళీ అయిన గూడు చూడటానికి విశాలంగా ఉంటుంది. కొత్త ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో కలిపి చైన్ బ్లాకుకు వేలాడదీసి అంగుళం అంగుళం దించుతుంటే ఒకరు టార్చి పట్టుకుని బండి కింద పడుకుంటారు. మొదట తగిలేది సాధారణంగా ఆయిల్ సంపు. ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆ తొట్టి లోతైన భాగం కొన్ని ఇంజిన్లలో ముందుకు, కొన్నిటిలో వెనక్కి ఉంటుంది; సరిగ్గా అక్కడే పాత కారు క్రాస్ మెంబరో (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే దూలం) స్టీరింగు రాకో అడ్డుపడుతుంది. సంపును కోసి వెల్డు చేస్తే నూనె పట్టే పరిమాణం తగ్గుతుంది, పంపు పీల్చే గొట్టం కూడా జరపాలి. ఇంజిన్‌ను పైకి లేపితే బానెట్ మూతపడదు. వెనక్కి జరిపితే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ ముందు సీట్లకూ మధ్య ఉండే గోడ), గేర్‌బాక్సు సొరంగం కోయాలి. బానెట్ లోపలి వైపు మెత్తటి మైనం ముద్దలు అంటించి మూసి తెరిస్తే, నొక్కుకున్న మందాన్ని బట్టి ఎంత ఖాళీ మిగిలిందో తెలుస్తుంది. క్రాస్ మెంబరును కోసి సర్దడం మాత్రం చేయకూడదు. ముందు చక్రాల సస్పెన్షన్ భారమంతా మోసేది అదే.

గేర్‌బాక్సును మార్చకుండా పాతదానికే కొత్త ఇంజిన్ తగిలిద్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది, స్టీరింగు పక్కన ఉండే హ్యాండ్ గేరు పోకూడదని. ముందు సీటు బెంచీలా ఉండి ముగ్గురు కూర్చోగలగడం అంబాసిడర్, పద్మినిల ప్రత్యేకతే, కాబట్టి ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. అయితే అప్పుడు రెండింటి మధ్య అడాప్టర్ ప్లేటు కావాలి. క్రాంకు షాఫ్టు కేంద్రం, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కేంద్రం ఒకే గీత మీద ఉండాలి. వాటి మధ్య మిల్లీమీటరులో పదో వంతుకు మించిన తేడా వస్తే పైలట్ బేరింగు, క్లచ్ ప్లేటు త్వరగా పోతాయి. డయల్ గేజి పెట్టి చూడకుండా, బోల్టు రంధ్రాలు కలిశాయి కదా అని బిగించిన ప్లేట్లు ఆరు నెలలకే రొదతో తమ సంగతి చెబుతాయి. పైగా 100 న్యూటన్ మీటర్ల కోసం చేసిన నాలుగు గేర్ల పాత బాక్సు 195ను ఎన్నాళ్లు మోస్తుంది? ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే బండి నుంచి జోడీగా తీసుకోవడమే మేలు. బెంచి సీటు వదులుకోవాల్సి వచ్చినా సరే.

గేర్‌బాక్సు పొడవు మారింది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టును కోసి కొత్త పొడవుకు వెల్డు చేయించాలి, బ్యాలెన్సింగు చేయించాలి. లారీల పుణ్యమా అని ఆటోనగర్‌లో ఆ పనికి కొదవ లేదు. తరచూ మరచిపోయేది కోణం. గేర్‌బాక్సు వెనుక కొస చూసే దిశ, ఆక్సిల్ పినియన్ చూసే దిశ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. షాఫ్టు రెండు చివర్లా ఉండే మడత కీలు, అంటే యూనివర్సల్ జాయింటు, వంపులో తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. దిశలు సమాంతరంగా లేకపోతే ఒక చివర పుట్టిన ఆ హెచ్చుతగ్గును రెండో చివర జాయింటు రద్దు చేయలేదు. 60 కిలోమీటర్ల వేగం దగ్గర సీటు కింద సన్నగా మొదలయ్యే వణుకుకు చక్రాల బ్యాలెన్సింగు పదిసార్లు చేయించినా ఫలితం ఉండదు. గేర్‌బాక్సు కింది మౌంటింగు కింద పలుచని ప్లేటు ముక్క పెట్టడంతో పోయే జబ్బు అది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ చివరికి వదిలేసేది ఆక్సిల్ నిష్పత్తి. పాత పెట్రోలు అంబాసిడర్ వెనుక ఆక్సిల్ నిష్పత్తి నాలుగున్నరకు పైమాటే. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు నాలుగున్నర సార్లు తిరగాలి. బలహీనమైన ఇంజిన్ బరువైన కారును కదిలించడానికి అలా చేశారు. లెక్క సులువుగా ఉండటానికి నిష్పత్తి 4.5 అనీ, టైరు చుట్టుకొలత 2 మీటర్లనీ అనుకుంటే, టాప్ గేరులో ఇంజిన్ 1000 ఆర్‌పీఎమ్ తిరిగినప్పుడు బండి గంటకు 26.7 కిలోమీటర్లు వెళుతుంది. 80 కిలోమీటర్ల వేగానికి ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్ తిరగాలి. పాత నాలుగు గేర్ల కారులో ఉన్న పరిస్థితి ఇది. హైవే మీద ఆ రొద ఎందుకో ఈ అంకెలే చెబుతాయి.

ఇప్పుడు ఐదో గేరు నిష్పత్తి 0.85 ఉన్న కొత్త బాక్సు పెట్టామనుకుందాం. అదే 80 వేగానికి 2550 ఆర్‌పీఎమ్ సరిపోతుంది. కొంత మెరుగే. కానీ 1400 దగ్గరే పూర్తి బలం ఇచ్చే డీజిల్ ఇంజిన్‌కు ఇదింకా ఎక్కువే. పైగా మొదటి గేరు పనికిరాకుండా పోతుంది: కారు కదలగానే ఇంజిన్ అరుస్తుంది, రెండో గేరు వెయ్యాలి. నడిపేవాడికి గేరు మార్చడంతోనే సరిపోతుంది. ఆక్సిల్‌లో 3.9 నిష్పత్తి ఉన్న క్రౌన్ పినియన్ వేస్తే 80 వేగానికి ఐదో గేరులో 2200 ఆర్‌పీఎమ్ చాలు. మొదటి గేరు మళ్లీ మొదటి గేరులా పనిచేస్తుంది. డీజిల్ ఆదా, ఇంజిన్ ఆయుష్షు, మాటలు వినపడటం అన్నీ ఈ ఒక్క పళ్ల లెక్కలోనే ఉన్నాయి. లక్షలు పోసి ఇంజిన్ మార్చి, పాత క్రౌన్ పినియన్‌తోనే తిరుగుతూ, ఆశించినంత మైలేజీ రావడం లేదని ఇంజిన్‌ను తిట్టుకోవడం న్యాయం కాదు. నిష్పత్తి మార్చాక స్పీడోమీటరు తప్పు చూపిస్తుందని, దాన్నీ సరిచేయించాలని వేరే చెప్పనక్కర్లేదు.

ఆక్సిల్ బలం ఇంకో విషయం. గేర్‌బాక్సు మొదటి గేరు నిష్పత్తి 4 అనుకుంటే, 100 న్యూటన్ మీటర్ల ఇంజిన్ నుంచి 4.5 ఆక్సిల్ ద్వారా చక్రాలకు చేరేది, రాపిడి నష్టాలు వదిలేస్తే, 1800 న్యూటన్ మీటర్లు. 195 ఇంజిన్ అయితే 3510. క్రౌన్ పినియన్ పళ్లు, లోపలి ఆక్సిల్ షాఫ్టులు ఈ రెట్టింపు భారాన్ని నింపాదిగా నడిపితే భరిస్తాయి. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మలుపులో నలుగురితో ఆగి, ఒక్కసారిగా క్లచ్ వదిలితే ఒక పన్ను లేచిపోవచ్చు. ఇంజిన్ ఇచ్చిన బండి ఆక్సిల్‌నే కొంత వెడల్పు తగ్గించి వేయడం దీనికి ఒక పరిష్కారం. అప్పుడు ఆక్సిల్ మీద కమాన్ కట్టలు కూర్చునే సీట్లు, బ్రేకు పైపులు, హ్యాండ్ బ్రేకు వైర్లు కూడా మారతాయి. పని మరో అంతస్తు పెరుగుతుంది.

బ్రేకుల దగ్గర బేరం కుదరదు. బండిలో ఉన్న చలనశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 90కి పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లు, బ్రేకులు కాల్చి వేడిగా మార్చాల్సిన శక్తి రెండుంపావు రెట్లు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పాత కారు ఒకసారి ఆగుతుంది. వెంటనే రెండోసారి ఆపాల్సి వస్తే పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి జారుతూ పోతుంది, ఎందుకంటే డ్రమ్ములోని వేడి బయటికి పోయే దారి లేదు. ముందు చక్రాలకు డిస్కులు, వాటికి తగిన మాస్టర్ సిలిండరు పెట్టకుండా కొత్త ఇంజిన్‌తో రోడ్డెక్కకూడదు. డీజిల్‌కు మారినప్పుడు ఇంకొక మెలిక ఉంది. బ్రేకు బూస్టరుకు కావలసిన వాక్యూమ్ పెట్రోలు ఇంజిన్‌లో గాలి లాక్కునే గొట్టం నుంచే దొరుకుతుంది; డీజిల్‌లో అది ఉండదు, విడిగా వాక్యూమ్ పంపు కావాలి. ఇంజిన్ కొనేటప్పుడు ఆ పంపు దానితో ఉందో లేదో చూసుకోని వారు తొలి ట్రయల్ రోజునే పెడల్ రాయిలా ఎందుకుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

బెజవాడ ఎండను లెక్కలోకి తీసుకోకుండా రేడియేటరు ఎంచుకోవడం కుదరదు. రేడియేటరు వదిలించే వేడి, లోపలి నీటికీ బయటి గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. నీరు 95 డిగ్రీలుండి గాలి 25 ఉంటే తేడా 70; మే నెలలో గాలి 45కు చేరితే తేడా 50. అదే రేడియేటరు దాదాపు 30 శాతం శక్తి కోల్పోయినట్టే. డిసెంబరులో దివ్యంగా నడిచిన మార్పు మే నెలలో మరిగేది ఇందుకే. దీనికి తోడు రేడియేటరు ముందు ఏసీ కండెన్సరు, టర్బో ఉంటే ఇంటర్‌కూలరు వరుసగా నిలబడతాయి. ఒకటి వదిలిన వేడిగాలి రెండోదానికి అందుతుంది. ఇంజిన్ ఇచ్చిన బండి రేడియేటరు కన్నా చిన్నది వాడకూడదు, ఫ్యాను చుట్టూ గాలిని గుమ్మరించే డొప్ప తప్పక ఉండాలి. ఆ పెద్ద రేడియేటరు అంబాసిడర్ గ్రిల్లు వెనుక పట్టకపోతే, అది ఇంజిన్ ఎంపికే తప్పని చెబుతున్నట్టు.

ఇంజిన్ ఇనుప దిమ్మ ఒక్కటే కాదు ఇప్పుడు. దాని సగం పని కంప్యూటరుది. క్రాంకు స్థానం, నీటి వేడి, గాలి పీడనం, యాక్సిలరేటరు పెడల్ ఎంత నొక్కారన్నది, ఇవన్నీ సెన్సర్ల నుంచి ఈసీయూకు, అంటే ఆ కంప్యూటరుకు, చేరితేనే ఇంధనం చిమ్ముతుంది. చాలా బండ్లలో తాళంచెవిలోని చిప్పును, మీటరు బోర్డును కూడా ఈసీయూ గుర్తుపట్టాలి; లేకపోతే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. అందుకని తుక్కు దుకాణంలో ఇంజిన్ ఒక్కటే కొనడం చౌక బేరంలా కనిపించే ఖరీదైన బేరం. ఈసీయూ, తాళంచెవి, వైరింగు మొత్తం, పెడల్, మీటరు, ట్యాంకు లోపలి పంపు దాకా ఒకే బండి నుంచి తీసుకోవాలి. వైర్లను కోయకుండా, ఒక్కో కనెక్టరుకు చీటీ కట్టి విప్పించుకోవడానికి పట్టే రెండు రోజులు తరువాత రెండు నెలలను మిగులుస్తాయి. పాత కారులోని యాంత్రిక పంపు కార్బురేటరుకు ఇంధనాన్ని మెల్లగా అందిస్తే చాలు. ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్‌కు సుమారు 3 బార్ల పీడనం కావాలి. పాత రబ్బరు గొట్టాలు, క్లిప్పులు ఆ పీడనానికి చీలితే వేడి సైలెన్సరు మీద పెట్రోలు పడుతుంది. ఈ ఒక్క చోట పొదుపు చేయడం ప్రాణాలతో ఆడుకోవడమే.

ఇదంతా చక్కగా కుదిరినా చట్టం మిగులుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి ఇంధనాలకు ఆమోదం పొందిన కిట్లతో మారడానికి అదే సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. బొలెరో ఇంజిన్‌తో అంబాసిడర్‌కు ఆ వెసులుబాటు వర్తించదు. తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలను మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చంటుంది. పదిహేనేళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి కనుక, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసే రోజు ఎలాగూ వస్తుంది. ఇంజిన్ నంబరు వేరుగా ఉంటే ఆ రోజే బయటపడుతుంది. అదే రకం ఇంజిన్‌తో మార్చుకుంటే రవాణా శాఖ ముందస్తు అనుమతి అడగడానికి దారి ఉంటుంది. హిందుస్థాన్ మోటార్స్ స్వయంగా అంబాసిడర్‌లో అమ్మిన ఇసుజు ఇంజిన్ అయినా, ఆ ప్రత్యేక బండికి ఇచ్చింది కానప్పుడు అనుమతి వస్తుందని ముందే ఊహించుకుని కోత మొదలుపెట్టకూడదు. సొంత తోటలో, రిసార్టు ఆవరణలో తిప్పుకునే బండి సంగతి వేరు.

యాభై ఏళ్లు నిండిన కారైతే ఆలోచన ఇంకా మారాలి. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన భాగం ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు వింటేజ్ హోదా ఇస్తారు. నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత 'వీఏ' ఉంటుంది. కొత్తగా ఆ రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. షరతు ఒక్కటే కానీ గట్టిది: బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. 1975లో రిజిస్టరైన అంబాసిడర్ 2025తో ఆ అర్హత వయసుకు చేరింది. అలాంటి బండిలో కొత్త ఇంజిన్ దించడమంటే, రోజువారీగా వాడుకోవడానికి చట్టం ఒప్పుకోని బండిని తయారు చేసి, దాచుకోవడానికి చట్టం ఇచ్చిన హోదాను కూడా వదులుకోవడం. వింటేజ్ హోదా ఉన్న బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి వీల్లేదన్నది నిజమే. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి పనులకే రోడ్డెక్కాలి. అయినా తాతల నాటి కారును రోజూ ఆఫీసుకు తీసుకెళ్లాలన్న పట్టుదల ఎందరికి ఉంటుంది?

బయట నుంచి తెచ్చిన ఇంజిన్ పుట్టుపూర్వోత్తరాలు కూడా చూసుకోవాలి. ఆ ఇంజిన్ మీద ఉన్న నంబరు ఏదో ఒక సి-బుక్కులో రాసి ఉన్నదే. ప్రమాదంలో దెబ్బతిని, రిజిస్ట్రేషన్ రద్దయిన బండిదైతే ఆ రద్దు కాగితం నకలు, ఇంజిన్ నంబరు వేసిన బిల్లు అడగాలి; 'కాగితాలెందుకండీ' అన్న దుకాణంలో కొనకపోవడం మంచిది. దొంగతనమైన బండి ఇంజిన్ అని తేలితే పోలీసులు పట్టుకుపోయేది కారునే. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు సొంత నష్టం క్లెయిమ్‌కు అడ్డంకి కావచ్చు, ప్రమాదంలో ఇతరులకు నష్టం జరిగితే వ్యవహారం ఇంకా ముదురుతుంది.

ఒకే షెడ్డు ముందు నిలబడిన రెండు అంబాసిడర్లకు కూడా జవాబు ఒకటి కానవసరం లేదు. 1972 నాటి పెట్రోలు కారైతే, ఇంజిన్ బోరు చేయించి, ముందు చక్రాలకు మంచి బ్రేకు షూలు, కొత్త వైరింగు వేయించి వదిలేయడం మేలు. 1990లలో ఇసుజు ఇంజిన్‌తోనే పుట్టిన కారైతే, అదే రకం ఇంజిన్‌ను కాగితాలతో సంపాదించి, అనుమతి తీసుకుని మార్చడమే తక్కువ చిక్కులున్న దారి. మౌంటింగులు, గేర్‌బాక్సు, సొరంగం అన్నీ కంపెనీవారే కొలిచి పెట్టారు. ఏ దారిన వెళ్లినా బయటికి తీసిన పాత ఇంజిన్‌ను తుక్కు కింద తూకానికి అమ్మేయకూడదు. షెడ్డులో దాన్ని ఓ మూల గోనె సంచి మీద దొర్లించి ఉంచితే, వారం తిరిగేసరికి తుక్కువాడు తక్కెడతో సహా వస్తాడు. సిలిండర్లలో నూనె పోసి, రంధ్రాలన్నీ మూసి, చెక్కపెట్టెలో ఇంటికి పట్టుకెళ్లాలి. సి-బుక్కులో ఉన్న నంబరు దాని మీదే ఉంది.